ఖాకీ ముక్క

బస్సెక్కగానే ఎవరి దగ్గర టికెట్టు లేదో ముఖం చూసి చెప్పగలను. పద్దెనిమిదేళ్ళుగా నేను చేస్తున్న ఉద్యోగం అదే. టికెట్టు లేనివాడు కిటికీలోంచి అదే పనిగా బయటికి చూస్తూ ఉంటాడు. లేదంటే నన్ను చూసి అవసరం లేకపోయినా నవ్వుతాడు. ఇంట్లో కూడా అవే కళ్ళు వేసుకుని తిరుగుతానని మా ఆవిడ ఫిర్యాదు. పాలు ఎందుకు తగ్గాయి, తలుపు ఎందుకు మూసి ఉంది, ఇందాక ఫోన్లో ఎవరు అని ఆరా తీస్తానట. "అనుమానం మీకు జీతంతో పాటే ఇస్తారా?" అని ఒకసారి అడిగింది. ఆ వానాకాలం దాకా నాకది మెచ్చుకోలు లాగే వినిపించేది.

ఆ వానాకాలం మా సందులో మురుగు పైకి తన్నింది. మాది ఎనిమిది ఇళ్ళ సందు. అందరి పెరళ్ళ వెనకనుంచీ ఒకటే గొట్టం వెళ్తుంది. ఇంటింటి వెనకా మోకాటి లోతు చాంబరు, దాని మీద సిమెంటు మూత. ఎగువ నుంచి లెక్కపెడితే మా ఇల్లు నాలుగోది, మా పక్కన టైలరమ్మ ఉండేది ఐదోది. ఎప్పుడు పొంగినా సరిగ్గా ఆవిడ పెరట్లోనే పొంగేది. మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్ళి చెబితే, పెద్ద రోడ్డు దాకానే తమ బాధ్యత, సందు లోపలిది సందువాళ్ళే చూసుకోవాలన్నారు. సరే, చేసేదేముంది, ప్రతి ఆదివారం ఇంటికొకరు చొప్పున పనిలోకి దిగాలని తీర్మానించుకుని ఒక మేస్త్రీని పిలిపించుకున్నాం.

మేస్త్రీ మనిషి పొట్టి, మాట గట్టి. మనిషన్నవాడు చాంబర్లో కాలు పెట్టకూడదని మొదటి రోజే చెప్పేశాడు. ఏం చేసినా పైనుంచే, వెదురు బద్దలతోనూ ఇనుప కొక్కెంతోనూ. ఆ మొదటి ఆదివారం టైలరమ్మ చాంబర్లోకి కొక్కెం దింపి లాగితే గుడ్డ వచ్చింది. మళ్ళీ దింపితే మళ్ళీ గుడ్డ. నల్లగా, జారుతూ, రంగేదో తెలియకుండా మూడు ఉండలు. అందరం ఒకేసారి టైలరమ్మ వైపు చూశాం.

ఆవిడకు నలభై రెండో మూడో ఉంటాయి. వెనకా ముందూ ఎవరూ లేరు. ముందుగదిలో మిషను పెట్టుకుని పదిహేనేళ్ళుగా అక్కడే కుడుతోంది. సందులో ఆవిడ చేత చొక్కా కుట్టించుకోనివాళ్ళు లేరు. "నా ముక్కలన్నీ మూటకట్టి దిండ్లు కుట్టే ఆయనకి ఇచ్చేస్తానండీ. ఒక్క పీలిక కూడా పారెయ్యను," అంది మెల్లగా. ఆ దిండ్లాయన ఈ మధ్య మురుగులో కాపురం పెట్టాడా అని మేడాయన అడిగాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

మేడాయన అంటే సందు మొదట్లోని మేడ ఇంటి ఆసామి. టైలరమ్మ ఉంటున్న ఇల్లు కూడా ఆయనదే. ఆ ఇంటిని గోడౌను చేసుకోవాలని ఆయనకు ఎప్పటినుంచో మనసులో ఉంది గానీ, పొమ్మనడానికి కారణం దొరకలేదు. ఇప్పుడు దొరికింది. ఇంకొక్కసారి గుడ్డ దొరికిందంటే ఇల్లు ఖాళీ చెయ్యాలని అక్కడికక్కడే చెప్పేశాడు. ఎగువనున్న నాలుగిళ్ళ నీళ్ళూ అక్కడికే వస్తాయి కదా, ఎవరిదని చెప్తామని మేస్త్రీ ఏదో అనబోయాడు. ఎవరూ పట్టించుకోలేదు. టైలరు ఇంటి దగ్గర గుడ్డ దొరికితే ఇక ఆలోచించడానికేముంది?

నాకు మాత్రం సాక్ష్యం కావాలి. వద్దన్నా టికెట్టు చూడందే వదిలే రకం కాదు నేను. డ్యూటీ లేని వేళల్లో మా బాత్‌రూము కిటికీ దగ్గర నిలబడి పక్కింటి పెరడు కనిపెట్టి చూడటం మొదలుపెట్టాను. టైలరమ్మ గుడ్డ పారెయ్యడం కనబడలేదు. నాలుగో రోజు పొద్దున వేరే సంగతి కనబడింది.

టైలరమ్మ అటూ ఇటూ చూసి, న్యూస్‌పేపర్లో చుట్టి దారం కట్టిన పొట్లం ఒకటి గోడ మీదుగా ఇటు అందించింది. ఇటువైపు అందుకున్నది మా నాన్న.

నాన్న గురించి చెప్పాలి. ముప్పై ఏళ్ళు బళ్ళో డ్రిల్లు మాస్టరు. డెబ్బై నాలుగేళ్ళ వయసులో కూడా తెల్ల ప్యాంటు మడత నలగనిచ్చేవాడు కాదు. ఆయన పక్క దుప్పటి మీద ఒక్క ముడత కనబడేది కాదు. చిన్నప్పుడు నా చెప్పులు జత కలవకుండా ఉంటే వీధిలోంచి వెనక్కి పిలిచి సరిచేయించేవాడు. అలాంటి మనిషి ఎనిమిది నెలలుగా పొద్దున్నే నడవడానికి వెళ్ళడం మానేశాడు. పెళ్ళిళ్ళకి రమ్మంటే మోకాళ్ళ నొప్పులనేవాడు. గదికి లోపలినుంచి గడియ వేసుకునేవాడు. తన బట్టలు తనే ఉతుక్కునేవాడు, అదీ అందరూ లేవకముందే. అన్నీ చూస్తూనే ఉన్నాను గానీ, ఒకదానితో ఒకటి కలిపి చూడలేదు. గోడ మీదుగా పొట్లం రావడం చూశాక కలిపి చూశాను.

ఆ వారంలోనే ఇంకోసారి చూశాను. ఈసారి పొట్లం ఇటునుంచి అటు వెళ్ళింది. ఆ సాయంత్రం రేకు పెట్టె తెరిచి చూస్తే, దాచిపెట్టుకున్న నా పాత యూనిఫాం చొక్కాలు నాలుగు లేవు. నాన్న ఇంట్లో సామాను ఎత్తి టైలరమ్మకు చేరవేస్తున్నాడు. ఎందుకు చేరవేస్తాడు? కారణం ఒకటే తోచింది. డెబ్బై నాలుగేళ్ళ వయసులో, అదీ పక్కింటి ఆడమనిషితో.

మా ఆవిడతో చెప్పాను. ముందు కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి నవ్వు ఆపేసి కూరగాయల బుట్ట ముందుకు లాక్కుంది. "మామయ్యగారి జోలికి మీ బస్సు కళ్ళతో వెళ్ళకండి," అంది. ఎందుకని అడిగితే కత్తిపీట తేవడానికి లేచి వెళ్ళింది. ఆవిడ మీద కూడా నాకు అనుమానం వచ్చింది.

మర్నాడు నాన్న దగ్గర కూర్చుని, నా ఖాకీ చొక్కాలు కనబడటం లేదని మాటల్లో పెట్టి అన్నాను. నాకేం తెలుసన్నాడు. ఆ మాట అని, కిటికీలోంచి అదే పనిగా బయటికి చూస్తూ కూర్చున్నాడు. బయట చూడటానికి ఏమీ లేదు, గోడ తప్ప.

మూడో ఆదివారం మేస్త్రీ అసలు పని పెట్టుకున్నాడు. టైలరమ్మ చాంబరుకు దిగువన గొట్టం పగిలిపోయింది, ఆ ముక్క మార్చాలి. మార్చేంతసేపూ ఎగువ నీళ్ళు కిందికి రాకూడదు. అందుకని మా చాంబరు దగ్గర గొట్టం మూతిలో ఇసక సంచి ఒకటి బిగించి, దానికి కట్టిన తాడు పైకి తెచ్చి, చాంబరు మీద అడ్డంగా పెట్టిన ఇనుప కడ్డీకి ముడేశాడు. నన్ను అక్కడ కూర్చోబెట్టాడు. నీళ్ళు ఫలానా ఇటుక దాకా వస్తే కేకెయ్యాలి, కడ్డీ మీద చెయ్యి కూడా పడకూడదు, లేవాలనిపిస్తే తనకి చెప్పి లేవాలి. ఇవే నాకు పెట్టిన షరతులు. ఎగువ మూడిళ్ళవాళ్ళూ రెండు గంటలపాటు నీళ్ళు వాడబోమని మాటిచ్చారు. ఆ మాట నిలబెట్టుకున్న ఇల్లు ఒక్కటీ లేదని తర్వాత తెలిసింది.

మేస్త్రీ అవతల పెరట్లో పాత గొట్టం కోసి తీసేశాడు. టైలరమ్మ కొత్త ముక్క పట్టుకుని నిలబడింది. నేను నీళ్ళ డ్రమ్ము చాటున పీట వేసుకుని కూర్చున్నాను. కాసేపు ఇటుక వైపే చూశాను. అప్పుడు మా వెనక తలుపు కిర్రుమంది. నాన్న బయటికొచ్చాడు. భుజాన తువ్వాలు, తువ్వాలు కింద పొట్లం. నేను డ్రమ్ము వెనక ఉన్నట్టు ఆయనకు తెలియదు. అటూ ఇటూ చూసుకుంటూ గోడ వైపు నడిచాడు. టైలరమ్మ గొట్టం ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి గోడ మీదుగా చాపింది.

ఇంకేం కావాలి? పట్టపగలు, చేతిలో సరుకుతో సహా దొరికారు. చాంబర్లో నీళ్ళు ఇటుకను ఎప్పుడో దాటి పైకి వచ్చేశాయి, నేను చూడలేదు. ఉన్నపళంగా లేచాను. లేవడంలో నా కాలు కడ్డీకి తగిలింది.

కడ్డీ జారి చాంబర్లో పడింది. ఆ తాకిడికి తాడు గుంజుకుని, ఇసక సంచి గొట్టంలోంచి ఊడి కడ్డీతో సహా పక్కకు దొర్లింది. అప్పటిదాకా ఆగి ఉన్న నాలుగిళ్ళ మురుగు ఒక్కసారిగా అవతలికి దూకింది. గోడ అవతల మేస్త్రీ అరుపు వినబడింది. గోడ ఎక్కి చూస్తే మేస్త్రీ నడుం దాకా నలుపు, టైలరమ్మ మెడ దాకా నలుపు. పెట్టబోయిన కొత్త గొట్టం ఎటో కొట్టుకుపోయింది. మురుగు వెనక గుమ్మం దాటి ఇంట్లోకే నడిచింది. లోపల తాడు మీద ఆ రోజు ఇవ్వాల్సిన బట్టలు వేలాడుతున్నాయి, కింద కుట్టు పూర్తయినవి చాప మీద దొంతరగా పెట్టి ఉన్నాయి. సాయం చేద్దామని గోడ దూకాను. దూకినవాణ్ణి దూకినట్టే జారి, తవ్విన కందకంలో బోర్లా పడ్డాను. నోరు మూసే ఉంది, అదొక్కటే అదృష్టం.

తల ఎత్తేసరికి నా ముక్కుకు జానెడు దూరంలో ఒక గుడ్డ ఉండ. గొట్టంలో ఎక్కడో ఇరుక్కున్నది నీళ్ళ తోపుకు వచ్చి పడింది. దాని మీదనుంచి మురుగు కారిపోతుంటే కింద ఖాకీ రంగు బయటపడింది. ఖాకీ మీద ఎర్ర దారంతో కుట్టిన అంకెలు. నాలుగు, ఒకటి, ఏడు. నా నంబరు. పద్దెనిమిదేళ్ళ కిందట మొదటి చొక్కా మీద ఆ అంకెలు కుట్టించుకున్నాను, టైలరమ్మకు ముందు ఆ మిషను మీద కూర్చున్న వాళ్ళమ్మ చేత.

నేను చెయ్యి చాపేలోపే టైలరమ్మ వంగి ఆ ఉండ తీసింది. అంకెలు లోపలికి వచ్చేలా మడిచింది. నా కళ్ళలోకి ఒక్కసారి చూసి చూపు తిప్పుకుంది. అప్పటికి మేడాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఏమిటది, మళ్ళీ గుడ్డేనా అని అడిగాడు.

"నాదేనండీ," అంది టైలరమ్మ. "కుట్టు మిగులు. పొరపాటున పడిపోయుంటుంది."

వచ్చే ఆదివారం అందరినీ కూర్చోబెట్టి తేల్చేస్తానని మేడాయన వెళ్ళిపోయాడు. నేను కందకంలో మోకాళ్ళ మీద ఉన్నాను. నా నంబరు నాకు తెలుసు. ఆవిడ అబద్ధం చెబుతోందని తెలుసు. అయినా నోరు మెదపలేదు. గోడ అవతల నాన్న ఇంకా అక్కడే ఉన్నాడు. ఆయన తల మాత్రమే కనబడుతోంది. చేతిలోని పొట్లం గుండెకు అదుముకుని, బళ్ళో తప్పు చేసి దొరికిన పిల్లాడిలా తల వంచుకుని ఉన్నాడు. అంతకు ముందెప్పుడూ నాన్న తల వంచడం నేను చూడలేదు.

మా ఆవిడ నన్ను పెరట్లోనే నిలబెట్టి ఏడు బిందెల నీళ్ళు పోసింది. ఏడో బిందె పోస్తూ అంది, మామయ్యగారు తన బట్టలు తనే ఎందుకు ఉతుక్కుంటున్నారో మీరెప్పుడైనా అడిగారా అని. నువ్వడిగావా అన్నాను. "నాకు తెలుసనే అనుకున్నాను. కోడల్ని, నేనెలా అడగను?" అంది. అని, కళ్ళు తుడుచుకుంది. నీళ్ళు చిమ్మాయేమో అనుకున్నాను మొదట.

ఆ మధ్యాహ్నమే పక్కింటికి వెళ్ళాం. మా ఆవిడ చీపురు పట్టుకుని గది కడిగింది, నేను తడిసిన బట్టలన్నీ మూడు నీళ్ళలో జాడించాను. టైలరమ్మ మిషను తుడుస్తూ, నా వైపు చూడకుండానే చెప్పింది.

ఎనిమిది నెలల కిందట మాస్టారు ఒక మధ్యాహ్నం చొక్కా కొలత ఇస్తానని వచ్చి, కొలత ఇవ్వకుండా కూర్చున్నారట. చివరికి, మూత్రం ఆగడం లేదమ్మా అన్నారట. డాక్టరు దగ్గరికెళ్తే అబ్బాయికి తెలుస్తుంది, దుకాణంలో కొంటే సందుకంతా తెలుస్తుంది, మెత్తటి గుడ్డతో మడతలు కుట్టి ఇవ్వగలవా అని అడిగారట. లోపల పాత దుప్పటి, పైన గట్టిగా ఉంటుందని ఖాకీ. వాడినవి చెత్తబుట్టలో వేస్తే కోడలు చూస్తుందని బాత్‌రూములో నీళ్ళతో వదిలేశారు. సంగతి మొదటి ఆదివారమే టైలరమ్మకు అర్థమైంది. అప్పటినుంచీ పారెయ్యకండి, నాకివ్వండి, ఉతికి ఇస్తానంది. ఆవిడ ఇటిచ్చినవి ఉతికినవి, నాన్న అటిచ్చినవి ఉతకాల్సినవి. నేను కిటికీలోంచి చూసిన ప్రేమకథ అది.

"మరి ఇల్లు పోతుంది కదమ్మా?" అన్నాను.

"చిన్నప్పుడు ఫీజు కట్టలేక బడి మానేస్తే మాస్టారే ఇంటికొచ్చి తీసుకెళ్ళారు అన్నయ్యా. నలుగురిలో ఆయన పేరు నేనెలా ఎత్తను?" అంది.

ఆ ముక్క ఇమ్మన్నాను. ఉతికి ఆరేసి ఉంది. జేబులో పెట్టుకున్నాను.

ఆ వారం నాన్న గదిలోంచి బయటికి రాలేదు. కంచం లోపలికి వెళ్ళేది, సగం ఖాళీ అయి వచ్చేది. రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. ఎన్నో బస్సుల్లో ఎంతోమందిని నిలదీశాను. ఆ తలుపు కొట్టడం మాత్రం నా చేత కాలేదు.

ఆదివారం మేడాయన వరండాలో అందరం కూర్చున్నాం. మేస్త్రీ గొట్టం అతికించడం పూర్తయిందని చెప్పాడు. తర్వాత మేడాయన గొంతు సవరించుకుని, నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యాలని టైలరమ్మతో అన్నాడు. ఆవిడ తలూపింది. నేను లేచి, జేబులోంచి ఖాకీ ముక్క తీసి, అంకెలు పైకి కనబడేలా టీపాయి మీద పరిచాను. "ఇది ఆవిడది కాదు. నాది. నంబరు చూసుకోండి," అన్నాను.

మీ చొక్కా మురుగులోకి ఎలా వచ్చిందని మేడాయన అడిగాడు. అంతవరకు ఏం చెప్పాలో అనుకోలేదు. నాకే మూత్రం ఆగదని, ఎనిమిది నెలలుగా అలాగే ఉందని, ముక్కలు చేసి వాడుకుని సిగ్గుతో నీళ్ళలో వదిలేశానని చెప్పాను. ఆ తిప్పలతోనే బస్సుల్లో తిరుగుతున్నారా అని ఎవరో అన్నారు, ఇంకెవరో దగ్గు నటించి నవ్వు దాచుకున్నారు. కానీ నేను ఎటూ చూడలేదు, నవ్వలేదు. టికెట్టు ఉన్నవాడు ఎలా చూస్తాడో అలా మేడాయన ముఖంలోకే చూశాను. కాసేపటికి ఆయనే చూపు తిప్పుకున్నాడు. అయితే సరే, ఆవిడ ఉండొచ్చన్నాడు.

ఇంటికొచ్చేసరికి వార్త నాకంటే ముందే చేరింది. నాన్న తలుపు తీసి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నా సంగతి నీ మీద వేసుకోమని నిన్నెవరడిగారురా?"

"ఎవరూ అడగలేదు నాన్నా."

నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. గడియ పడిన చప్పుడు మాత్రం వినబడలేదు.

మర్నాడు వాన తెరిపి ఇచ్చింది. డ్యూటీకి బయల్దేరబోతూ చూస్తే, ఇంటి ముందు, సందులోకి కనబడేలా, కిటికీ ఊచ నుంచి గేటు దాకా తాడు కట్టి ఉంది. తెల్ల ప్యాంటు, మడత నలగని చొక్కా వేసుకుని, చేతిలో క్లిప్పుల డబ్బాతో నాన్న దాని పక్కన నిలబడి ఉన్నాడు. తాడు మీద ఒకదాని పక్కన ఒకటి ఉతికిన ఖాకీ మడతలు, ఎండలో.

పాల ప్యాకెట్టుతో వెళ్తున్న మేడాయన ఆగాడు. తాడు వైపు చూసి, నా వైపు చూశాడు. నేను నోరు తెరవబోయాను.

"అవి నావండీ," అన్నాడు నాన్న, డ్రిల్లు మైదానంలో చివరి వరసకు కూడా వినబడే గొంతుతో. "వాడు అబద్ధం చెప్పాడు."

మేడాయన ఏదో గొణిగి ముందుకు కదిలాడు. ఇంకా ఇద్దరు వెళ్ళారు, చూసీ చూడనట్టు. నాన్న కదల్లేదు. నేను సంచి గుమ్మంలో పెట్టి దగ్గరికి వెళ్ళాను. బకెట్టులో ఇంకా రెండున్నాయి. ఒకటి తీసి తాడు మీద వేసి క్లిప్పు పెట్టాను.

"వరస తప్పింది," అన్నాడు నాన్న.

చూశాను. నిజమే, బెత్తెడు కిందికి వేలాడుతోంది. తీసి, మళ్ళీ సరిగ్గా వేశాను.